కొత్తిమీర కింద చేప

రామసుబ్బమ్మ ముందు కిటికీలు మూసింది. తర్వాత తలుపు గడియ పెట్టింది. ఆ తర్వాత రెండు అగరబత్తులు వెలిగించింది. అప్పుడు గానీ సంచిలోంచి చేప తీయలేదు.

కదిరి నుంచి ఆటో నడిపే దాసప్ప తెచ్చిపెడతాడు. ముళ్లు తీసిన తెల్లచేప ముక్కలు, పైన బీరకాయలు కప్పి. పుట్టపర్తి వీధిలో ఆ సంచి చూసినవాళ్లు ఈమెంత సాత్వికురాలో అనుకోవాలి మరి!

వేయిస్తే వాసన వీధి చివరిదాకా పోతుంది. పులుసు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఫోన్‌లో వీడియో చూసి ఈ పద్ధతి పట్టింది. ముక్కలకు ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసం పట్టించాలి. కొత్తిమీర, పుదీనా, వెల్లుల్లి, రస్కుల పొడి నూనెతో కలిపి పైన మందంగా అద్దాలి. చిన్న ఓవెన్‌లో ఇరవై నిమిషాలు. వారంలో మూడు సాయంత్రాలు ఇదే వంట. ఒక్కతే చేసుకుంటుంది, ఒక్కతే తింటుంది.

భయమంతా కింది వాటాలో అద్దెకుండే మల్లీశ్వరి గురించే. పసిగట్టిందంటే అంతే సంగతులు.

ఇల్లు మాట్లాడుకున్న రోజున మల్లీశ్వరి నుదుటినిండా విభూతితో నిలబడి, “నీచు సంగతెట్ల పెద్దమ్మా?” అని అడిగింది.

ఆ విభూతి చూసి రామసుబ్బమ్మ తడుముకోకుండా అబద్ధమాడేసింది. “ఛీ ఛీ, ఆ వాసనే నాకు పడదు.”

“మాకూ అంతే,” అంది మల్లీశ్వరి.

అది జరిగి మూడేళ్లు. అంతకుముందు, మొగుడు పోయిన కొత్తలో, రామసుబ్బమ్మ రెండేళ్లు గోడలతో మాట్లాడింది. ఇప్పుడు మల్లీశ్వరి కూతురు మౌనిక రోజూ మెట్లెక్కి వచ్చి “అవ్వా” అంటుంది. ఆ పిలుపు పోతే మళ్లీ గోడలే. చేప మానేయొచ్చు కదా అంటారా? మానేసి చూసింది. ఐదో రోజుకు ముద్ద దిగలేదు.

ఓవెన్ ఆగీ ఆగకముందే తలుపు చప్పుడైంది. మౌనిక.

“అవ్వా, ఏందో కమ్మగా వాసన వస్తాండాదే!”

“కొత్తిమీర రొట్టెలేమ్మా.”

“నాకూ పెట్టవా?”

“ఇంగా కాలలేదు. రేపు పెడతా, పో.”

పాప ముఖం చిన్నబుచ్చుకుని దిగిపోయింది. రామసుబ్బమ్మకు ఏడుపొచ్చింది. ఆ పిల్లకు ఒక ముక్క పెట్టలేని తిండి ఏం తిండి? పళ్లెంలో వడ్డించుకుంది గానీ చెయ్యి కదల్లేదు.

అంతలో మెట్ల మీద పెద్దవాళ్ల అడుగులు. పళ్లేన్ని మంచం కిందికి తోసి తలుపు తీసింది.

గడపలో మల్లీశ్వరి. తల ఎత్తడం లేదు.

“పాప ఏమన్నా చెప్పిందా?” అని అడిగింది రామసుబ్బమ్మ.

“కింద ఏడుస్తాండాది. అయినా ఇది ఈ పొద్దుటి మాట కాదు పెద్దమ్మా. శానా దినాలుగా చెప్పల్లనుకుంటా, నోరు రాక ఊరుకున్నా.”

“నా వల్ల తప్పు జరిగుంటే మన్నించు మల్లీ. నన్ను ఒంటిదాన్ని చేయొద్దు.”

మల్లీశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“వచ్చే నెల నీ ఇల్లు ఖాళీ చేస్తాండాము పెద్దమ్మా, నీకు పడదని మూడేండ్లు నీచు ముట్టకుండా ఓర్చుకున్నాము గానీ, పాప చేపల కోసం ఒకటే ఏడుపు.”