రంగు కుదరని కన్ను

“అమ్మాయి రెండు కళ్ళకీ తేడా కనబడిందంటే ఈ కొట్టు మూసేసి నా దగ్గర పనికి వచ్చేస్తావు. అంతేగా అన్నయ్యా?”

“కొలత నీదా, నాదా?” అన్నాడు అన్న, గాజు కన్ను నానబెట్టే గిన్నె తుడుస్తూ.

“నాదే. నీ కొలతలు నమ్ముకునేగా ఇలా మిగిలిపోయావు.”

“సరే, నీదే కానియ్.”

తమ్ముడికి నాలుగు కళ్ళజోళ్ళ షాపులున్నాయి. అన్నకున్నది ఈ ఒక్క గది. ఓ మూల గాజు కరిగించే మంట, గోడవార గాజు కడ్డీలు, సొరుగుల నిండా కళ్ళు. ఎటు కూర్చున్నా అవి తననే చూస్తున్నట్టుండి తమ్ముడికి ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే వచ్చీరాగానే ముందు సొరుగులు మూయిస్తాడు.

ఒకప్పుడు అన్న పెట్టిన గాజు కన్ను ఏదో కట్టుకున్న పెళ్ళాం కూడా పోల్చుకోలేదని పేరు. ఆ పేరు చాలు, మేడలు లేవడానికి. కానీ కూతురికి ఆరో ఏట ఆటలో దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయింది. ఆ రోజు నుంచి బయటివాళ్ళ పని ఒక్కటి ముట్టలేదు మహానుభావుడు. పదహారేళ్ళుగా ఆ పిల్లకే చేస్తాడు, పెట్టి చూస్తాడు, పెదవి విరిచి సొరుగులో పడేస్తాడు. మళ్ళీ మొదలు. ఇల్లు గడిచేదేమో తమ్ముడి చలవ. ఇంతకీ ఏం సాధిద్దామని అన్నయ్యా అంటే, “నేననుకున్నది వచ్చిన రోజు నాకు తెలుస్తుందిలే” అంటాడు. అదీ ఓ జవాబేనా?

“అమ్మాయీ, ఓసారి ఇలా రా!” తమ్ముడు కేకేశాడు.

కూతురు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, బాబాయికి కుడిపక్కన నిలబడింది. మాటల్లో అతని మోచెయ్యి గ్లాసుకి తగలబోతే, తల తిప్పకుండానే దాన్ని పక్కకి జరిపింది.

“చెవులు భలే చురుకే నీకు!” అన్నాడు బాబాయి.

ఆమె తండ్రిని విసుక్కుంటోంది. “రాత్రి గిన్నె మీద మళ్ళీ మూత పెట్టలేదు నాన్నా. కిటికీలో దీపాలు. నాకు కునుకు పడితే ఒట్టు.”

“మర్చిపోయానమ్మా. ఇవాళ గుడ్డ కూడా కప్పుతాను.”

తండ్రికి తగ్గ కూతురు, చాదస్తంలో ఇద్దరూ ఇద్దరే అనుకున్నాడు తమ్ముడు. ఆమెని వెలుతురుకేసి తిప్పి చూశాడు. నవ్వాగలేదు. కుడి కన్ను తేనె రంగు. ఎడమది బూడిద రంగు, పైగా నల్లగుడ్డు ఓ పిసరు పెద్దది. బొమ్మలకి పెట్టే కళ్ళు ఇంతకన్నా నయం.

“ఓరి దేవుడా! పదహారేళ్ళు తపస్సు చేసి ఇదా అన్నయ్యా? రంగే కుదరలేదు!”

“రంగు సంగతి నేను ఆలోచించలేదురా.”

“మరి దేని సంగతి ఆలోచించావు? ఇంకో పదహారేళ్ళు కావాలా?”

“అక్కర్లేదు. ఇదే ఆఖరిది. తాళాలు అదిగో, మేకుకి ఉన్నాయి. తీసుకో.”

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని తమ్ముడు అనుకోలేదు. గెలిచిన సరదా సగం చచ్చిపోయింది. అన్న మొహం ఓడినవాడి మొహంలా లేదు.

“ఆ కన్ను ఇలా తీసివ్వమ్మా,” అన్నాడు తమ్ముడు, మాట మార్చడానికి. “సైజుకి పనికొస్తుంది. రంగు కుదిరేది మావాళ్ళ చేత చేయిస్తాను.”

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన తలూపాడు. అలవాటుగా కన్ను తీసి బాబాయి అరచేతిలో పెట్టింది. గోరువెచ్చగా ఉంది. ఒంటి వేడే అని సరిపెట్టుకున్నాడు. అరచేతిలో అది ఓ చుట్టు దొర్లి, అతని మొహంకేసి తిరిగి ఆగింది. గబుక్కున గుప్పిట మూసి, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

అన్న కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “కుడి కన్ను మూసుకో తల్లీ.”

మూసుకుంది. పెదవులు బిగపట్టింది. పాపం, ఏడుపు ఆపుకుంటోంది అనుకుని తమ్ముడు కరిగిపోయాడు. “ఊరుకోమ్మా, మంచిది చేయిస్తానన్నానుగా!”

అన్న అతని మాటే వినలేదు. “చెప్పు తల్లీ,” అన్నాడు.

“గుప్పిట తెరువు బాబాయ్, చీకటిగా ఉంది.”