టక్కు చప్పుడు

"పడిందా లేదా?" స్టీరింగు ముందు కూర్చున్న షాపు ఓనరు అంబలవాణన్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

దండపాణి బానెట్‌లోకి ఇంకాస్త వంగాడు. ఏసీ బటన్ నొక్కగానే రిలే లోంచి కరెంటు పోవాలి, కంప్రెసర్ ముందున్న అయస్కాంతం క్లచ్‌ని లాక్కోవాలి, 'టక్' మనాలి. ఆ టక్కుని ఎదురుగా ఉన్న టీకొట్టు నుంచే విని, పోయింది ఫ్యూజో రిలేయో చెప్పేస్తాడని పుదుపేట మెకానిక్కుల వీధిలో అతనికి ఇరవై ఆరేళ్ల పేరు. ఆరో క్లాసులో బడి మానేసినవాడికి ఆ చెవే డిగ్రీ.

ఇవాళ ఏమీ వినపడలేదు.

"ఇంకోసారి నొక్కండయ్యా."

నొక్కాడు. ఇంజను గురగుర. అంతే.

"నాకు పడిందన్నా!" అన్నాడు పక్కనున్న రెండో మేస్త్రీ మారియప్పన్, మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "గుళ్లో కొబ్బరికాయ కొట్టినట్టు పడింది. నీకు వినపళ్లేదూ?"

ఎండలు తగ్గాక షాపులో ఒక్క మేస్త్రీయే ఉంటాడని, ఇద్దరిలో ఎవరో తానే తేలుస్తానని ఓనరు పోయిన వారమే చెప్పాడు.

"మీకు వినపడిందా అయ్యా?" అన్నాడు దండపాణి.

అంబలవాణన్‌కి పెళ్లాం కేక తప్ప లోకంలో ఏ చప్పుడూ వినపడదని వీధికంతా తెలుసు. అయినా బండి తెచ్చిన వకీలమ్మ తిలకవతి పక్కనే నిలబడి ఉందాయె. షోరూమ్ వాళ్లు పది రోజుల తర్వాత రమ్మన్నారని, సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తీయని బండిని ఇక్కడికి తెచ్చి, ఫోన్లో ఆ షోరూమ్‌నే తిడుతోంది.

"దివ్యంగా వినపడింది," అన్నాడు ఓనరు.

"వయసన్నా, ఏం చేస్తాం. రాత్రిళ్లు చెవిలో ఆముదం పోసుకో," అన్నాడు మారియప్పన్.

పడిందని ఒక్క మాటంటే సరిపోయేది. పాత గ్యాసుని కొత్తదని అమ్మిన నోరే అది. టక్కు దగ్గర మాత్రం అబద్ధం పెగల్లేదు.

"నాకు వినపళ్లేదయ్యా."

"అయితే ఇంకేం? చెవిటివాడితో నాకేం పని? మేస్త్రీ స్టూలు మారికిచ్చెయ్."

స్టూలు వేడి ఆరకముందే మారియప్పన్ దాని మీద కాలు మీద కాలేసుకున్నాడు. దండపాణి టెస్ట్ ల్యాంపుని గుడ్డలో చుట్టి చెప్పులు తొడుక్కున్నాడు. ఇంట్లో ఏం చెప్పాలో తోచలేదు.

అప్పుడు వకీలమ్మ ఫోను చెవి మీంచి తీసింది.

"ఏదో సెన్సారు పోయిందట, షోరూమ్ వాడు ఇప్పుడు ఒప్పుకున్నాడు. ఇంతకీ మీ ముగ్గురూ దేనికోసమని అంతలా చెవులు రిక్కించారు?"

"క్లచ్ టక్కు కోసమమ్మా," అన్నాడు మారియప్పన్ స్టూలు దిగకుండానే. "దేవుడిచ్చిన చెవి ఉండాలి దానికి."

వకీలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఈ బండి కంప్రెసర్‌కి క్లచ్చే లేదట."