రోహిణిలో రోలు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని లోకం నమ్మకం. ఎండలు యాభై అయిదు డిగ్రీలు దాటిన కాలం కనుక రెంటచింతలలో ప్రతి ఇంటా రోటి నిండా నీళ్లు పోసి ఉంచుతున్నారు. పోయకపోతే ఏమవుతుందో ఎవరూ చూడలేదని రిటైరైన భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు నీలాంబరం అభ్యంతరం. గ్రంథాలయం ఆయన చేత ప్రళయం వస్తుందని జోస్యం చెప్పే పుస్తకాలకు సమీక్షలు రాయిస్తోంది. ఈ ఏటి పుస్తకం రోహిణిలోనే హఠాత్తుగా మంచు పడుతుందంటోంది.

"ఏవండీ, అది మా అమ్మమ్మ రోలు. ఆ నీళ్లు వంపేసి లోపలికి దొర్లించండి. నీళ్లు గడ్డకడితే రాయైనా ఆగదని పిల్లలకు పాఠం చెప్పింది మీరేగా?" అంది భార్య శేషారత్నం.

"గడ్డకట్టాలిగా! నిన్న పోయించిందీ నువ్వే, ఇవాళ వంపమనేదీ నువ్వే. సామెతనైనా నమ్ము, పుస్తకాన్నైనా నమ్ము. రెండూ ఒకేసారి కుదరవు రత్నం."

ఆయన రోలును కదపలేదు. సమీక్షలో "నిరాధారం" అని రాసి పడుకున్నాడు.

తెల్లవారేసరికి పెరడంతా తెల్లగా ఉంది. రోట్లో నీళ్లు గడ్డకట్టి, రోలు నిలువునా రెండయింది. శేషారత్నం ఆవకాయకు ఆవాలు మిక్సీలో వేసింది.

నీలాంబరం "నిరాధారం" కొట్టేసి రాశాడు: "మంచు పడింది. రోహిణిలో రోలు పగిలింది. రెండూ రుజువయ్యాయి."