చేపల దగ్గర అల్లరి చెయ్యకూడదు

“బస్సు వద్దండీ. చిన్నోడికి బస్సు పడదు. రైలే నయం,” అంది భార్య ఫోనులో.

మెకానిక్ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని స్క్రూ విప్పుతున్నాడు. ఎదురుగా బల్ల మీద ఒక కుట్టుమిషను పొట్ట విప్పుకుని పడుంది. వారం మొత్తానికి కొట్టుకి వచ్చిన బేరం అదొక్కటే. ఈ రోజుల్లో మిషను చెడితే బాగుచేయించేవాళ్ళు లేరు. మూలన పడేస్తారు, లేదంటే కొత్తది కొంటారు.

“రైలైతే కిటికీ కోసం ఇద్దరూ కొట్టుకు చస్తారు,” అన్నాడు.

“వంతులు పెట్టండి. లాడ్జి స్టేషను పక్కనే చూసుకోండి. కింద గది అడగండి. రాత్రిపూట వాడికి పాలు పట్టకండి, పక్క తడిపేస్తాడు.”

“ఇప్పుడు తడపడం లేదులే.”

అటుపక్క కొళాయి తిప్పి వదిలేసినట్టుంది, నీళ్ళ చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

ఈ ప్రయాణం అనుకోవడం ఇది మొదటిసారి కాదు. ఒకసారి వాన, ఒకసారి చిన్నోడికి జ్వరం. ఇంకోసారి అన్నీ సర్దుకున్నాక ఈ వారం కుదరదని భార్యే చెప్పింది. తాను అనుకున్నది అనుకున్నట్టు జరుగుతుందన్న నమ్మకం మెకానిక్‌కి ఎప్పుడో పోయింది. అయినా పిల్లలకి మాట ఇచ్చేశాడు.

“అక్వేరియం శనివారమే చూసేద్దాం. ఆదివారం జనం తోసుకుంటారు,” అన్నాడు.

“జనం ఉంటేనే మంచిది. ఆదివారమే. భోజనాల వేళకి ముందు, తాబేళ్ళ తొట్టి దగ్గర. మర్చిపోకండి.”

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. వెంటనే ఫోనూ ఆగిపోయింది.

శుక్రవారం సాయంత్రం సంచులు సర్దుతుంటే పిల్లలిద్దరూ వాటి చుట్టూనే తిరిగారు. పెద్దదాన్ని అందరూ పిచ్చుక అంటారు. నిద్రలో తప్ప దాని నోరు మూతపడదు. చిన్నోడు బుడంకాయ్. వాడు మాట్లాడేది తక్కువ, కింద పడేది ఎక్కువ. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు కదా, మెకానిక్‌కి రెండు చంకల్లోనూ పిల్లులే.

“అక్వేరియంలో మనం ఒక ఆట ఆడాలి,” అన్నాడు గౌను మడత పెడుతూ. “తాబేళ్ళ దగ్గరికి వెళ్ళాక ఎవరు కనపడినా పలకరించకూడదు, పరిగెత్తకూడదు. నోరు విప్పినవాళ్ళు ఓడిపోయినట్టు.”

“మా టీచర్ కనపడినా?”

“కనపడినా.”

“దెయ్యం కనపడినా?” అన్నాడు బుడంకాయ్.

“కనపడినా.”

పిచ్చుక సంచిలోకి తొంగి చూసింది. “అమ్మ మనతో రైల్లో వస్తుందా నాన్నా?”

“లేదమ్మా, పనుంది. నేరుగా అక్కడికే వస్తుంది.”

“మరి అమ్మతో?”

మెకానిక్ గౌను మడత విప్పి మళ్ళీ పెట్టాడు. “అమ్మ కూడా ఆటలో ఉంది.”

“నేను నెగ్గితే ఏమిస్తావు?”

ఆ సంగతి అతను ఆలోచించలేదు. “ఏం కావాలి?”

“మళ్ళీ ఇంకోసారి తీసుకెళ్ళు.”

అతను సంచి జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంది. దాంతో కుస్తీ పడుతూ కూర్చున్నాడు.

రైలెక్కినా బుడంకాయ్ వాంతి చేసుకున్నాడు. లాడ్జివాళ్ళు ఇచ్చిన గదికి కిటికీ ఉంది గానీ తెరిస్తే పక్క మేడ గోడ. శనివారం పొద్దున మొదలైన వాన చీకటి పడేదాకా తగ్గలేదు. పార్కులో బొమ్మ రైలు టార్పాలిన్ కప్పుకుని నిలబడుంది. పిల్లలు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, అదే ఎక్కినట్టు సరిపెట్టుకున్నారు. మంచం మీద ఇద్దరినీ చెరో పక్కన పడుకోబెట్టుకుని, రాకుండా ఉన్నా బాగుండేదేమో అనుకున్నాడు మెకానిక్.

ఆదివారం అక్వేరియం నిండా జనం. లోపల నీలం రంగు చీకటి. అద్దం అవతల బండరాయంత తాబేలు ఒకటి, ఎక్కడికీ పోవాలని లేనట్టు మెల్లగా ఈదుతోంది. మెకానిక్ పిల్లల చేతులు వదల్లేదు. ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. రాదేమో అనుకున్నాడు. ఇక పోదాం అనుకుంటుండగా భార్య వచ్చింది.

మనిషి చిక్కింది. జుట్టు బిగించి ముడి వేసుకుంది. జనంలోంచి నడుస్తూ వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అడుగు నెమ్మదించింది.

పిచ్చుక చూసింది. పెదాలు రెండూ లోపలికి మడుచుకుని పళ్ళతో నొక్కిపట్టింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి గానీ నోరు మాత్రం విప్పలేదు. బుడంకాయ్ ఆమెను ఎగాదిగా చూసి తండ్రి కాళ్ళ వెనక్కి జరిగాడు. వీడూ ఆట బాగానే ఆడుతున్నాడు అనుకున్నాడు మెకానిక్. అలా అనుకోకపోతే అక్కడ నిలబడటం అతని వల్ల కాదు.

ఆమె తాబేలును చూస్తున్నట్టే చూస్తూ వంగింది. చిన్నోడి చొక్కాకి ఒక గుండీ తప్పు కాజాలో ఉంది. దాన్ని తీసి సరైన కాజాలో పెట్టింది. పెట్టాక చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అది వాడి బుగ్గ మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

‘ఇక చాలు’ అందామనుకున్నాడు మెకానిక్.

“ఇదిగో ఆయా, నీకు పిల్లల్లేరన్న బాధ నాకు తెలుసులే గానీ, ముక్కూమొహం తెలియని వాళ్ళ పిల్లల మీద అలా చెయ్యి వెయ్యకూడదు, రా, మావాడు కాళ్ళు నొప్పులంటున్నాడు, ఎత్తుకో,” అంది వెనకనుంచి ఒకావిడ.