మలుపులో ఆగే బండి

“బండిని ఎత్తొద్దు!” ఓబమ్మ మాధవన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మాధవన్ బిత్తరపోయాడు. మంచం పక్కన పెద్ద బల్ల, దాని మీద చిన్న బొమ్మ ప్లాట్‌ఫారం, కోలగా చుట్టి పరిచిన సన్నటి పట్టాలు. వాటి మీద వేలెడంత రైలింజను ఒకటి చుట్లు కొడుతోంది. ధర్మపురిలో ఇన్వర్టర్లు బాగుచేసుకునే అతన్ని ఆ బొమ్మ బండి కోసమే అదియమాన్‌కోట్టై దాకా పిలిపించింది ఓబమ్మ.

“ఎత్తకుంటే ఎట్ల చూసేది పెద్దమ్మా? రవ్వసేపు నిలిపి మళ్లా పెడతాను.”

“నిలిపితే ఆయప్ప పోతాడు.”

మంచం మీద ఆమె భర్త గోవిందరాజప్ప కళ్లు మూసుకుని ఉన్నాడు. ఉద్యోగకాలమంతా గూడ్సు బండ్లు నడిపిన మనిషి, దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టు చిక్కిపోయాడు. ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. బల్ల మీది రైలు ఆయన తన చేతులతో కట్టుకున్నదే.

“మలుపు కాడికి వస్తా ఉండాది, చూడు,” అంది ఓబమ్మ గుసగుసగా.

ఇంజను మలుపు తిరగబోయి తడబడింది. ఆగింది. మంచం మీద ఎగిసిపడుతున్న ఛాతీ కూడా ఆగింది.

ఓబమ్మ చిటికెన వేలితో ఇంజనును వెనకనుంచి నెడుతూ, “ఏమయ్యా, పాప వస్తా ఉండాది, ఏమయ్యా!” అని పిలిచింది. ఇంజను కదిలింది. గోవిందరాజప్ప గొంతు గురగురమంది. ఛాతీ మళ్లీ లేచింది.

మాధవన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా బింకంగా అన్నాడు. “ఏదో అట్ల కుదిరింది, పెద్దమ్మా.”

“నిన్నటి నించీ కుదురుతానే ఉండాదా? బండి నిలిస్తే మూచ్చు, ఊపిరి నిలుస్తాది. నా కండ్లతో చూస్తా ఉండాను. జయప్రియ హోసూర్లో బస్సెక్కింది. నా బిడ్డ వచ్చి నాయిన మొకం చూసేదాకా ఇది నిలవకుండా చెయ్యి తంబీ. ఇంకేమీ అడగను.”

మాధవన్ మోకాళ్ల మీద కూర్చుని పట్టాలకు కళ్లు ఆనించి చూశాడు. మలుపులో నల్లగా మకిలి పట్టి ఉంది.

“చక్రాలకు కరెంటు పట్టాల నించే అందాల. బండికేమో బరువు లేదు. మురికి మీదికి ఎక్కినాక కరెంటు తెగిపోతాది, అంతే.”

ఇంజను వెనకాలే గుడ్డతో స్పిరిట్ రుద్దుకుంటూ పోయాడు. పట్టాలు తళతళలాడాయి. అయినా అది మలుపులో ఆగింది. ఓబమ్మ మళ్లీ నెట్టింది, మళ్లీ పిలిచింది. ఈసారి ఊపిరి రావడానికి మునుపటికంటే ఎక్కువసేపు పట్టింది.

“లోపల చిన్న కెపాసిటర్ పెట్టేస్తాను,” అన్నాడు మాధవన్. “అది కొంచెం కరెంటు దాచిపెట్టుకుంటాది. పట్టాలో అందకపోయినా రెండు మూడు క్షణాలు బండిని లాగుతాది. మలుపు దాటేదానికి అది చాలు. అయితే బండిని ఎత్తాల.”

ఓబమ్మ తల అడ్డంగా ఊపింది.

“చక్రాలు నిలవకుండా ఎత్తుతాను పెద్దమ్మా. నన్ను నమ్ము.”

సంచిలోంచి తన చిన్న బ్యాటరీ, రెండు వైర్లు తీశాడు. ఇంజనును చటుక్కున ఎత్తి, మడిచిన తువ్వాలు మీద వెల్లకిలా పెట్టి, వైర్లను చక్రాలకు తగిలించాడు. చక్రాలు గాలిలో తిరుగుతూనే ఉన్నాయి. ఒక కన్ను వాటి మీద, ఒక కన్ను ఆ ఛాతీ మీద పెట్టి టంకం వేయడం మొదలుపెట్టాడు. పొగ మంచం వైపు పోకుండా ఓబమ్మ కొంగుతో విసురుతూ నిలబడింది.

ఫోను మోగింది. ఓబమ్మ విని, భర్త చెవి దగ్గరికి వంగింది. “పాలకోడు దాటేసిందంటయ్యా! వచ్చేసింది!”

అప్పుడే మాధవన్ ఇంజనును పట్టాల మీద పెట్టాడు. అది మలుపు దగ్గరికి పోయింది. తడబడలేదు. రెండో చుట్టులోనూ ఆగలేదు. కావాలని పట్టా మీద కాగితం ముక్క వేసి చూశాడు. దాన్నీ తొక్కుకుంటూ పోయింది. మంచం మీద ఊపిరి నిద్రపోతున్న పసివాడి ఊపిరిలా సాఫీగా ఆడుతోంది.

“చూస్తివా, కెపాసిటర్ పని!” మాధవన్ మొదటిసారి నవ్వాడు. ఓబమ్మ అతని తల నిమిరింది.

జయప్రియ చెప్పులు కూడా విడవకుండా లోపలికి పరుగెత్తుకొచ్చింది.

“నాయినా!”

గోవిందరాజప్ప కళ్లు తెరిచాడు. కూతురిని గుర్తుపట్టాడు. ఆమె ఆయన అరచేతిని తన చెంపకు ఆనించుకుంది. ఆయన పెదవులు కదిలాయి, మాట మాత్రం రాలేదు.

బల్ల మీద ఇంజను వేగం తగ్గింది. మలుపు దాటి, ప్లాట్‌ఫారం పక్కకు నెమ్మదిగా చేరి, చివరి అంగుళం దాకా అదుపు తప్పకుండా వచ్చి ఆగింది. మంచం మీద ఛాతీ దిగింది. మళ్లీ లేవలేదు.

ఓబమ్మ ఇంజనును నెట్టింది. “ఏమయ్యా! ఏమయ్యా!” అని పిలుస్తూ మళ్లీ మళ్లీ నెట్టింది. వేలు తీయగానే అది ఎక్కడిదక్కడ నిలిచిపోయింది.

“బాగుచేసినానంటివే!” మాధవన్ చొక్కా పట్టుకుని ఊపేసింది. “నిలవదంటివే! ఇంకొంచేపు ఉండనీకూడదా? నువ్వే నిలిపేస్తివి, నువ్వే!”

“లేదు పెద్దమ్మా, కింద ఎక్కడో వైరు ఊడి ఉంటాది. ఇప్పుడే చూస్తాను.”

మాధవన్ ఫోను వెలుతురు పట్టుకుని బల్ల కిందికి దూరాడు. గోడ వారగా పెద్ద బ్యాటరీ ఉంది. అక్కడినుంచి పట్టాలకు కరెంటు పోయే దారి ఒకే ఒక్క వైరు. దాన్ని వేళ్లతో తడుముకుంటూ పైకి పోయాడు.

సగం దూరంలో వైరును ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. తెగిన కొసలు రెండూ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటి మధ్య అల్లుకున్న సాలెగూటి మీద నెలల నాటి దుమ్ము పేరుకుని ఉంది.