దుప్పి అడిగిన అరవై గంపలు

ఇప్పచెట్ల అడవిలో జంతువులకు బంతాటంటే ప్రాణం. ఏ జట్టయినా ఆటగాళ్ళందరికీ కలిపి ఏడాదికి వంద గంపల ఇప్పపువ్వుకు మించి ఇవ్వకూడదు. మించితే ఆటలోంచి వెలి. పువ్వు ఎక్కువున్న జట్టే ఎప్పుడూ గెలవకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

వాగు జట్టును నడిపేది ముసలి ముళ్ళపంది. ఆటల కాలం ముగియగానే దుప్పి దాని దగ్గరికొచ్చింది. నిరుడు కొట్టిన గోల్స్‌లో సగం దుప్పివే.

"పెద్దమ్మా, ముప్పై గంపలు నాకు చాలవు. కొండ జట్టువాళ్ళు అరవై ఇస్తామంటున్నారు."

దుప్పికి బంతి తన్నడం నేర్పింది ముళ్ళపందే. కానీ అరవై ఇస్తే గోల్ కాసే ఎలుగునీ, బంతి అందించే కుందేళ్ళనీ పంపేయాలి.

"నీ ఆటకు అరవై కూడా తక్కువేరా నాయనా. నేను మాత్రం ముప్పై అయిదు దాటలేను. వెళ్ళు, బాగా ఆడు."

"ముసలిదానా, మతి పోయిందా? కుందేళ్ళతో గెలుస్తావా?" అని కాకులు గేలి చేశాయి. దుప్పి వెళ్ళాక మిగిలిన ముప్పై గంపల్లోంచి ముళ్ళపంది కుందేళ్ళకు కాస్త పెంచి, ఎవరూ పిలవని అడవిమేకను జట్టులోకి తెచ్చుకుంది.

తొలి ఆటలోనే వాగు జట్టు చేతిలో కొండ జట్టు ఓడిపోయింది. దుప్పి మెరుపులా పరుగెత్తింది గానీ, బంతే దాని దాకా రాలేదు.

ఆటయ్యాక అది రొప్పుతూ వచ్చింది. "పెద్దమ్మా, మా జట్టులో నాకు బంతి అందించేవాళ్ళే లేరేం?"

ముళ్ళపంది దాని కాలి దుమ్ము తుడిచింది.

"వాళ్ళ గంపలన్నీ నీ ముందే ఉన్నాయి కదరా."