ఒక గీత మెరుస్తోంది

కెమెరా మూత బిగించాలి. వైర్ల మీద దుమ్ము చూడాలి. ప్రతి బోల్టు మీదా ఎర్రగీత సరిగ్గా ఉందో లేదో చూడాలి. సాయంత్రానికల్లా వాతావరణ ఉపగ్రహాన్ని ప్రయోగకేంద్రానికి పంపే పెట్టెలోకి ఎక్కించాలి.

మొదటి రెండూ అయ్యాయి. మూడోదాని దగ్గర ఆమె చేతిలో టార్చి ఆగిపోయింది.

ఒక గీత మెరుస్తోంది.

బోల్టు బిగించాక దాని మీదుగా గీత గీస్తారు. కదిలితే గీత తెగుతుంది. ఇది తెగలేదు. కానీ పక్కవాటికంటే కొత్తగా ఉంది.

ఎవరో మళ్లీ గీశారు.

ఆ వరుసంతా బిగించింది ఆమే. తనిఖీ చేసింది పెద్దసారు.

"ఏం జంపమ్మా, దూకడానికి కొలత చూసుకుంటున్నావా?" వెనక నుంచి ఎవరో నవ్వారు.

కాలేజీలో లాంగ్‌జంప్ ఆడిన పిల్ల. ఇంజనీరై ఇన్నేళ్లయినా ఆ పేరు వదల్లేదు. "ఎగిరేవాళ్లేగా మనకి కావాల్సింది" అని ఇంటర్వ్యూలో ఆమెను తీసుకుంది పెద్దసారే.

కాలేజీ చివరి పోటీలో, గెలిచిన అమ్మాయి కాలిగుర్తు దూకే చెక్క అంచున ఉన్న మైనం మీద పడటం ఆమె కళ్లారా చూసింది. గుర్తు పడితే ఆ జంప్ చెల్లదు. జడ్జి వంగి, బొటనవేలితో మైనం సర్దేశాడు. ఆమె మాట ఎవరూ నమ్మలేదు.

అప్పట్నుంచీ నున్నగా కనబడేది ఏదైనా ఆమెకు అనుమానమే.

పొద్దుట్నుంచి ఇందాకటిదాకా పెద్దసారు హాల్లో ఆ వైపు ఎవర్నీ రానివ్వలేదు.

ఆయన చేతితొడుగు బొటనవేలి కొసన ఎర్రటి చుక్క.

"సార్, ఈ బోల్టు ఎవరు ముట్టుకున్నారు?"

"పని చూసుకో అమ్మా."

"రంగు ఇంకా ఆరలేదు సార్."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "వదులుగా దొరికింది. చేత్తో తిప్పి, రెంచి పెట్టకముందే గీత గీసేశావు. నేను బిగించాను. అయిపోయింది."



"బయటికొస్తే నీ పేరే వస్తుంది. వీళ్లు ఎప్పుడెప్పుడా అని కాచుక్కూర్చున్నారు."

"ఈ వరుసలో మిగతావి?"

"అన్నీ చూశాను."

"ఎవరి ముందు?"

ఆయన తొడుగు మీది ఎర్రచుక్కను రుద్దుకున్నారు.

ఆయన ముఖం చూస్తే నమ్మాలనిపించింది. బొటనవేలు చూస్తే నమ్మబుద్ధి కాలేదు.

"చెప్పాలి సార్."

"చెబితే నీతో ఆగదమ్మా."

"తెలుసు సార్."

పై అధికారులకు చెప్పింది. ముందు తను చేసిన తప్పు. తర్వాత ఆయన చేసిన పని.

ఆ సాయంత్రం పెట్టె ఖాళీగానే ఉండిపోయింది. వరుసంతా విప్పి చూశారు.

అన్నీ గట్టిగానే ఉన్నాయి.

ఆమెను మందలించి వదిలేశారు. ఆయనకు మాత్రం ఆ హాలు తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

ఉపగ్రహం ఇప్పుడు పైన తిరుగుతోంది.

రేపు వాన పడుతుందా అని మీరు ఫోన్లో చూసుకుంటారు కదా. పడుతుందని ఉన్నా, పడదని ఉన్నా, పెద్దసారును ఒక్కసారి తలచుకోండి.